ఒకరు పరుగెడితే ఊరికేం లాభం?

చందా పుస్తకం చంకలో పెట్టుకుని వీధిలోకి దిగిన మనిషిని చూస్తే తలుపులు వాటంతటవే మూసుకుంటాయని లోకంలో ఒక మాట వుంది. మా వాడరేవులో ఆ బాధ లేదు. శ్రీరామనవమి పందిరికి, వినాయకచవితికి, గంగమ్మ కొలుపులకు, ఆఖరికి పొరుగూళ్ళో జరిగే బండలాగుడు పందాలకు కూడా మావాళ్ళు అడగడమే తడవుగా ఇస్తారు. ఎందుకని అడగరు. పందిరి అందరిదీను! కాని ఒక వేసవిలో డ్రిల్లు మాస్టారూ నేనూ కలిసి, ఒక పిల్లను పరుగుపందానికి పంపడానికి చందాకు బయలుదేరితే మాత్రం ప్రతి గుమ్మంలోనూ ఒకటే ప్రశ్న ఎదురైంది. “పరుగెత్తేది ఆ పిల్ల. పతకమంటూ వస్తే వాళ్ళింట్లో గోడకు తగిలించుకుంటారు. మధ్యన మాకేమిటండీ?”

ప్రశ్న సబబైనదే. అడిగినవాళ్ళు పిసినారులూ కారు. అంచేత దానికి జవాబు చెప్పుకోవలసిన పూచీ చందా పుస్తకం పట్టుకున్నవాడిదే. గుమ్మంలో నిలబడి చెప్పడానికి వ్యవధి చాలలేదు గనక ఇక్కడ చెబుతున్నాను.

ముందు ఆ పిల్ల సంగతి. నేను పోస్టాఫీసులో ముప్ఫయ్యేళ్ళు స్టాంపులు కొట్టి రిటైరైన మనిషిని. చీరాలలో సొంతిల్లు వున్నా, సముద్రపు గాలికని ఆరేడు కిలోమీటర్లు ఇవతలికి వచ్చి వాడరేవులో స్థిరపడ్డాను. ఆదివారంనాడు గుంటూరునుంచీ హైదరాబాదునుంచీ కార్లమీద వచ్చి, అలల్లో కేరింతలు కొట్టి, వేయించిన చేపలు తిని వెళ్ళే జనం చూసే వాడరేవు వేరు. తెల్లవారుజామున, లైటుహౌసు దీపం ఇంకా తిరుగుతుండగా కనిపించే వాడరేవు వేరు. అల వెనక్కు తీసినచోట ఇసుక చపటా చేసినట్టు గట్టిగా వుంటుంది. ఆ గట్టి ఇసుకమీద, కాళ్ళకు చెప్పులైనా లేకుండా, అన్నగారి పాత నిక్కరూ బడి చొక్కా తొడుక్కుని ఒక పిల్ల పరుగెత్తుతూండేది. వెనకాల డ్రిల్లు మాస్టారు ఈల నోట్లో పెట్టుకుని, చేతిలో గడియారం చూసుకుంటూ ఆయాసపడుతూ వుండేవారు. పిల్ల పేరు చెప్పను. పదిహేనేళ్ళ ఆడపిల్ల. పేరు పత్రికల్లో పడవలసిన రోజు వస్తే అదే పడుతుంది.

తండ్రి పడవమీద వేటకు వెళతాడు. తల్లి చేపలబుట్ట నెత్తిన పెట్టుకుని చీరాల బజారుకు వెళుతుంది. ఈ పిల్ల నాలుగువందల మీటర్ల పరుగులో జిల్లాకు మొదటిది వచ్చింది. రాష్ట్రస్థాయి పోటీలకు ముందు నెలరోజుల శిక్షణ శిబిరం వుందన్నారు. అది వచ్చిపడింది మే నెలలో. మన తూర్పు తీరాన ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, చేపలు గుడ్లుపెట్టే కాలమని, మరపడవల వేట నిషేధం. పడవలన్నీ ఒడ్డున బోర్లాపడి వుంటాయి. ఆ రెండు నెలలూ ప్రభుత్వం ఇచ్చే భృతి బియ్యానికీ అప్పులవాళ్ళకూ సరిపోతుందే గాని ముళ్ళబూట్లకు మిగలదు గదా! బూట్లు, రైలు ఖర్చు, నెలరోజులు గుడ్లూ పాలూ, అన్నీ కలిపి మాస్టారు పద్దెనిమిదివేలకు లెక్క కట్టారు.

ఆ సాయంత్రం మా ఇంట్లో పెద్ద రగడే అయింది. మా చెల్లెలి భర్త, పర్చూరు ప్రాంతపు మిర్చి రైతు, కొర్రమీను పులుసు తినడానికని వచ్చి వున్నారు. చందా పుస్తకం చూడగానే ఆయనకు ఒళ్ళు మండింది.

“బావగారూ, మీకు నెల నెలా పెన్షను వస్తుంది గనక ఇలాంటి సరదాలు తోస్తాయి. 2025 ఫిబ్రవరిలో మిర్చి ధర పడిపోతే కేంద్రం వారు క్వింటాలుకు 11,781 రూపాయలని లెక్క కట్టారు. ఎరువూ మందూ కోతకూలీ పోను నాకేం మిగిలిందో మీ చెల్లెలినే అడగండి. ఆసుపత్రిలో మంచాలు చాలవు. బళ్ళో బెంచీలు చాలవు. ప్రభుత్వాలేమో ఇనుము ఎత్తేవాడికీ ఇసకలో పరుగెత్తేవాడికీ డబ్బు పోస్తున్నాయి. అది చాలక మీరొకరా!”

మాట తీసిపారేయదగ్గది కాదు. కాని చెప్పిన మనిషి ఎవరో నాకు తెలుసు. ఏటా సంక్రాంతికి వాళ్ళ ఊరి బండలాగుడు పందాలకు అయిదువేలు తగ్గకుండా చందా ఇస్తారాయన. పందెపు గిత్తల మేపు సంగతి మన ప్రాంతంవాళ్ళకు చెప్పనక్కరలేదు. ఉడికించిన ఉలవలు, పచ్చిగుడ్లు, పాలు, పొద్దునా సాయంత్రం మాలీషు. కన్నకొడుక్కు కూడా అంత జరగదు. మా ఊరి జత ఇన్ని అడుగులు లాగిందని చెప్పుకోవడమే ఊరికి దక్కేది.

“మరి ఆ గిత్తలు లాగితే మీకేం వచ్చింది?” అన్నాను.

“ఊరికి పేరొచ్చింది. పైగా ఎద్దన్నాక పొలం దున్నుతుంది.”

“పందెపు గిత్త మెడమీద నాగలి పెట్టి ఎన్నేళ్ళయింది అన్నయ్యగారూ?” అని మా ఆవిడ వంటింట్లోంచి అడిగింది. ఆయన పులుసువైపు దృష్టి మళ్ళించారు.

ఊరికి పేరు అనేది వట్టి మాట కాదని మా బావగారికీ తెలుసు. ఆ పేరుకు మూల్యం ఎవరు చెల్లించాలన్నదే పేచీ. పూర్వం ఈ పని రాజులూ జమీందారులూ చేసేవారు. వస్తాదులకు బాదంపప్పూ నెయ్యీ కోటలోనుంచి వచ్చేవి. తాలింఖానాకు స్థలం వాళ్ళే చూపించేవారు. ఆ పోషణ సన్నగిల్లాక వస్తాదు టిక్కెట్టు పెట్టుకుని బతకవలసి వచ్చింది. వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి నాయుడుగారంతటివారు గుండెలమీద ఏనుగు నెక్కించుకున్నది సర్కసు డేరాలోనే. ఆయన 1942లో పోయారు. తరువాత రాజులూ పోయారు. కండబలమున్న కుర్రవాళ్ళు పుట్టడం మాత్రం మానలేదు.

ఒలింపిక్సువారికి ఇంకో పట్టుదల వుండేది. ఆటకు డబ్బు పుచ్చుకున్నవాడు ఆ పోటీలకు పనికిరాడని. జీతం లేకుండా ఆడేవాణ్ణి అమెచ్యూరు అని గౌరవంగా పిలిచేవారు. వినడానికి బాగానే వుంటుంది. తండ్రికి ఆస్తి వున్నవాడికి ఆ గౌరవం కష్టం కాదు. అమెరికాలో జిమ్ థోర్ప్ అని ఆదివాసి తెగకు చెందిన ఒక మహావీరుడు 1912 స్టాక్‌హోమ్‌లో రెండు బంగారు పతకాలు గెలిచాడు. అంతకుముందు ఎప్పుడో చిన్న చిన్న బేస్‌బాల్ జట్లలో కూలికి ఆడాడని మరుసటి ఏడే అవి లాగేసుకున్నారు. తప్పు దిద్దుకోవడం 1982లో, ఆయన చనిపోయిన 29 ఏళ్ళకు. ఆ నియమం ఇప్పుడు చాలామటుకు చెల్లిపోయింది. కాని బరువులెత్తేవాడికి, పరుగెత్తేపిల్లకు, కుస్తీపట్టేవాడికి టిక్కెట్టు కొని చూసే జనం లేరు గనక వాళ్ళు నేటికీ అమెచ్యూర్లే. క్రికెట్టు మాట వేరు. దానికి మన చందా అక్కరలేదు.

మనవాళ్ళ సంగతి చూడండి. 1948 లండన్ ఒలింపిక్సులో బరువులెత్తిన దండమూడి రాజగోపాలరావుగారు కృష్ణాజిల్లా మనిషి. విజయవాడలో ఇండోర్ స్టేడియానికి ఆయన పేరు పెట్టుకున్నాం. 1952లో హెల్సింకీలో కుస్తీలో కంచు గెలిచిన కె.డి. జాదవ్ మరాఠీవాడు. స్వతంత్ర భారతానికి ఒకే మనిషి తెచ్చిన మొట్టమొదటి ఒలింపిక్ పతకం అదే. ఆయన్ని పోటీలకు పంపడానికి కొల్హాపురంలో ఆయన చదివిన కాలేజీ ప్రిన్సిపాలుగారు సొంత ఇల్లు తాకట్టు పెట్టి ఏడువేలు తెచ్చారు. దేశానికి పతకం, ప్రిన్సిపాలుగారికి వడ్డీ!

అదే రోజుల్లో హైదరాబాదులో ఇంకో దారి కనిపెట్టారు. సిటీ పోలీసులో ఫుట్‌బాల్ ఆటగాళ్ళకు ఉద్యోగాలిచ్చారు. నెల జీతం ఖాయమయ్యేసరికి ఆట ఎలా వచ్చిందో చూడండి. 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదేళ్ళు బొంబాయిలో రోవర్స్ కప్పు వాళ్ళదే. వాళ్ళను తీర్చిదిద్దిన రహీంగారే భారత జట్టుకూ గురువై, 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్సులో నాలుగో స్థానందాకా నడిపించారు. ఇప్పుడు ఆ మాట చెబితే మా మనమడు నమ్మడు. భారతదేశం ఫుట్‌బాల్‌లో నాలుగోదా తాతయ్యా, అని నవ్వుతాడు.

ఇంత దూరం వెళ్ళనక్కరలేదు. మా పక్కనే చెప్పుకోవలసిన ఊళ్ళు రెండున్నాయి.

చీరాలనుంచి బాపట్ల వెళ్ళే పాసింజరులో స్టూవర్టుపురం అని ఒక చిన్న స్టేషను వస్తుంది. నా చిన్నతనంలో ఆ స్టేషను దగ్గరపడుతుంటే పెద్దవాళ్ళు పెట్టెలు కాళ్ళసందుకు లాక్కునేవారు. ఆడవాళ్ళు మెడలో గొలుసుమీదికి కొంగు సర్దుకునేవారు. బండి కదిలాక అందరూ ఒక్కసారి ఊపిరి వదిలేవారు. ప్లాట్‌ఫారంమీద నా ఈడు పిల్లలు నిలబడి ఇదంతా చూస్తూండేవారు. ఆ చూపులు నాకింకా జ్ఞాపకం.

ఆ ఊరు తనంత తాను పుట్టింది కాదు. పుట్టుకతోనే కొన్ని కులాలవాళ్ళు నేరస్థులని 1871లో తెల్లదొరలు ఒక చట్టం చేశారు. 1911లో దాన్ని మద్రాసు రాజధానికీ తెచ్చారు. ఎరుకల కుటుంబాలను పోగుచేసి, 1913 ప్రాంతంలో సాల్వేషన్ ఆర్మీవారి అజమాయిషీలో ఇక్కడ ఒక సెటిల్‌మెంటు పెట్టించి, హెరాల్డ్ స్టూవర్టు అనే మద్రాసు ప్రభుత్వపు దొరపేరు తగిలించారు. హాజరు వేయించుకోనిదే కదలకూడదు. చెప్పకుండా పొలిమేర దాటకూడదు. చీరాల పొగాకు కంపెనీలో కూలికి కూడా ఆ కట్టడిలోనే వెళ్ళివచ్చేవారు. స్వరాజ్యం వచ్చాక 1952లో ఆ చట్టాన్ని రద్దు చేశారు. చెడ్డపేరు రద్దు కాలేదు. జాషువాగారి అమ్మాయి హేమలతా లవణంగారు, ఆమె భర్త లవణంగారు 1970ల్లో వచ్చి ఆ ఊళ్ళో ఎన్నో ఏళ్ళు పనిచేశారు. అయినా 1991లో వచ్చిన సినిమాలో స్టూవర్టుపురమంటే దొంగలే, 2023లో వచ్చిన సినిమాలోనూ దొంగే. డబ్బు పెట్టి చూసింది మనమే.

ఈ రెండు సినిమాల నడుమ, 2018 ఏప్రిల్ 7న, ఆస్ట్రేలియాలో గోల్డ్‌కోస్టు అనేచోట కామన్‌వెల్తు పోటీలు జరుగుతున్నాయి. 85 కిలోల తరగతిలో స్టూవర్టుపురం కుర్రవాడు రాగాల వెంకట రాహుల్ స్నాచ్‌లో 151, క్లీన్ అండ్ జెర్క్‌లో 187, మొత్తం 338 కిలోలు ఎత్తి బంగారం గెలిచాడు. అంతకు నాలుగేళ్ళ ముందే, 2014లో చైనాలో జరిగిన యూత్ ఒలింపిక్సులో వెండి తెచ్చాడు. మర్నాడు టీవీలో స్టూవర్టుపురం అన్న మాట వినిపించగానే నేను అలవాటు చొప్పున ఏ దోపిడీయోనని తలెత్తి చూశాను. మూడురంగుల జెండా పైకి వెళుతూంది.

ఆ కుర్రవాడు ఇనుము ఎత్తడం నేర్చినది హకీంపేట స్పోర్ట్సు స్కూల్లో. 1993లో అప్పటి ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం పెట్టిన బడి అది. చిన్నతరగతుల్లోనే పిల్లల్ని పరీక్షించి తీసుకుని, తిండీ బట్టా చదువూ ఆటా అక్కడే చెప్పిస్తారు. అంటే ఆ పిల్లవాడి పళ్ళెంలో గుడ్డు మనందరిదీ. మా బావగారు అగ్గిపెట్టె కొన్నప్పుడు కట్టిన పన్నుకూడా అందులో వుంది. ఏళ్ళ తరబడి ఒక ఊరినంతా కట్టడిచేసి హాజరు వేసిన ఖజానాయే, ఆ ఊరి పిల్లవాడికి పాలు పోసింది. ఎన్ని రూపాయలు పోస్తే ఆ బాకీ తీరేను?

ఈ మాట ఆ రాత్రి కాస్త గొంతు పెంచే చెప్పాను. మా ఆవిడ వింటూ వింటూ, “అయితే పతకం రాకపోతే ఆ ఊరివాళ్ళు మనుషులు కాకుండా పోయేవారా?” అంది. నాకు వెంటనే జవాబు తోచలేదు. ఆమె అడిగినదానిలో న్యాయముంది. మర్యాదకు బంగారం షరతు కాకూడదు. కాని పెట్టె దగ్గరకు లాక్కునే చెయ్యి ఉపన్యాసాలకు ఆగదని యాభై ఏళ్ళుగా చూస్తున్నాను. ఆ పేరుతో ఇంకో బొమ్మ కళ్ళముందు కదిలితేనే ఒక్క క్షణం తడబడుతుంది. ఇప్పుడు ఆ ఊరి పిల్ల ఉద్యోగానికి వెళ్ళి ఊరిపేరు చెబితే, అవతలివాడు “ఓహో, ఆ వెయిట్‌లిఫ్టరు ఊరా?” అనే వీలుంది. పూర్వం అది లేదు.

రెండో ఊరు నాగండ్ల. ఇంకొల్లు దగ్గర. పుల్లెల గోపీచంద్ 1973లో పుట్టిన ఊరు. ఇక్కడ మా బావగారు నాకంటె ముందు లేచారు. నాగండ్ల ఆయనకు కూతవేటు దూరం. 2001లో గోపీచంద్ ఆల్ ఇంగ్లండ్ గెలిచినప్పుడు, ప్రకాశ్ పడుకోనే తరువాత 21 ఏళ్ళకు ఒక భారతీయుడు గెలిచాడని దేశమంతా అంటుంటే, మా పక్కూరి కుర్రాడు గెలిచాడని ఈయన సెంటరులో టీలు పోయించారు. తరువాత శీతలపానీయం కంపెనీవాళ్ళు డబ్బుసంచితో వస్తే, నేను తాగనిది పిల్లలకు చెప్పనన్నాడని ఈయనే పదిసార్లు చెబుతారు.

“మరి గచ్చిబౌలిలో ఆయన అకాడమీకి ప్రభుత్వం ఇచ్చిన అయిదెకరాలు ఎవరివి బావగారూ?” అన్నాను.

“అది వేరు. అది ఒకరికిచ్చింది కాదు. ఎంతమంది తయారయ్యారు!”

నేను చెప్పదలుచుకున్నది ఆయన నోటే వచ్చింది. స్థలం ఇచ్చింది 2003లో. దానిమీద గోడలు లేపడానికి గోపీచంద్ సొంత ఇల్లు తాకట్టు పెట్టాడు. నిమ్మగడ్డ ప్రసాద్‌గారు అయిదు కోట్లు ఇచ్చారు, ఒలింపిక్ పతకం తెచ్చిపెట్టాలన్న మాట తీసుకుని. 2008కి అకాడమీ తెరిచారు. 2012లో సైనా కంచు, 2016లో సింధు వెండి. మన గుంటూరు కుర్రవాడు కిడాంబి శ్రీకాంత్ అక్కడే తేలి, 2017లో ఒక్క ఏడాదిలో నాలుగు సూపర్ సిరీస్‌లు గెలిచి, 2018లో ప్రపంచంలో ఒకటో నంబరైనాడు. 2022 మేలో థామస్ కప్పు చరిత్రలో మొదటిసారి మనకు వచ్చిన రోజున, ఇండోనేషియామీద ఆఖరి పాయింటు కొట్టింది అతనే. ఒకణ్ణి పైకి తెస్తే అతను పదిమందిని తెచ్చాడు. పరుగెత్తినవాడి కాళ్ళు ఎప్పటికైనా ఆగుతాయి. నేర్చుకున్నది పట్టుకుని ఊరికి తిరిగివస్తే అది ఆగదు.

కాని ఆ ఇల్లు తాకట్టు మాట నన్ను పీడిస్తూనే వుంది. 1952లో కొల్హాపురంలో ఒక ఇల్లు, అర్ధశతాబ్దం దాటాక హైదరాబాదులో ఒక ఇల్లు. గెలిచారు గనక రెండు కథలూ మనకు తెలిశాయి. గెలవనివాళ్ళ ఇళ్ళు ఎన్ని వేలంలో పోయాయో ఎవరు రాశారు?

మనకు పతకం వచ్చాక ఇవ్వడంలో వున్న ఉత్సాహం రాకముందు ఇవ్వడంలో లేదు. సింధు రియోనుంచి వచ్చినప్పుడు తెలంగాణ ప్రభుత్వం 5 కోట్లు, మన ప్రభుత్వం 3 కోట్లు ప్రకటించాయి. ఇళ్ళస్థలాలు వేరు. 2017లో డిప్యూటీ కలెక్టరు ఉద్యోగం వేరు. ఆ పిల్లకు ఇవ్వవద్దని ఎవరంటారు? మా ఇంట్లో ఆ రోజు పాయసం కూడా చేసుకున్నాం. కాని ఖేలో ఇండియా పథకంలో ఎంపికైన పిల్లలకు చేతిఖర్చుకని ఇచ్చేది నెలకు 10,000, ఏడాదికి 1,20,000. పోస్టాఫీసు అలవాటు కొద్దీ కాగితంమీద భాగహారం వేశాను. ఆ ఎనిమిది కోట్లూ 666 మంది పిల్లలకు ఏడాదిపాటు వస్తాయి. 2014లో మొదలైన ఒలింపిక్ పోడియం పథకంలో ముందువరసలో వున్నవాళ్ళకు నెలకు 50,000 ఇస్తున్నారు. మంచి ఏర్పాటే. అక్కడిదాకా చేరినవాడికి దారి వుంది. జిల్లాకు మొదటిది వచ్చిన పిల్ల ఆ మెట్టుకు చేరేలోపల, చెప్పుల్లేని కాళ్ళతో నడవవలసిన మూడు నాలుగేళ్ళ దూరం వుంది చూశారూ, ఆ నడుమనే మనవాళ్ళు రాలిపోతున్నారు.

ఆసుపత్రి మంచాల మాటకు కూడా లెక్కే చెప్పాను. 2025–26 కేంద్ర బడ్జెటు 50 లక్షల కోట్లు పైచిలుకు. అందులో యువజన, క్రీడల శాఖకు 3,794 కోట్లు. వంద రూపాయల్లో ఏడున్నర పైసలు. మంచాలు చాలకపోవడం ఆ ఏడున్నర పైసలవల్ల కాదు. మా బావగారు ఆ కాగితం అటూ ఇటూ తిప్పి చూశారు. మిర్చి యార్డు చీటీని కూడా ఆయన అంత శ్రద్ధగా చూడరు.

అయితే డబ్బు పోసిన ప్రతిచోటా ఊరు బాగుపడుతుందని చెప్పడానికి లేదు. ఇంగ్లండు వాళ్ళది చూడండి. 1996 అట్లాంటా ఒలింపిక్సులో బ్రిటనుకు వచ్చింది ఒకే ఒక్క బంగారం, స్థానం 36. సిగ్గుపడి 1997నుంచి లాటరీ డబ్బు ఆటగాళ్ళకు మళ్ళించారు. 2012లో 29 బంగారాలు, 2016లో 27, చైనాను కూడా దాటి రెండో స్థానం. అంతవరకు భేషు. కాని పతకం తేలేని ఆటలకు నిర్దాక్షిణ్యంగా డబ్బు కోసేశారు. పేదపేటల పిల్లలు ఎక్కువగా ఆడే బాస్కెట్‌బాల్‌కు 2012 తరువాత అదే గతి పట్టింది. పతకాలు చూసి జనమంతా లేచి మైదానాలకు పరుగెత్తుతారని ఆశపెట్టుకుంటే అదీ అనుకున్నంత జరగలేదు. కుర్చీలో కూర్చుని చప్పట్లు కొట్టడానికి చెమట పట్టనక్కరలేదు గదా! కొనకు నీళ్ళు పోసి మొదలు ఎండగడితే వచ్చే ఫలితం అది. మనకు ఆ మోజు పట్టకుండా చూసుకోవాలి.

ఆడపిల్లల విషయంలో మాత్రం ఒక్క పతకమే చాలా దూరం పోతుందని నా నమ్మకం. 2000లో సిడ్నీలో కరణం మల్లీశ్వరి 240 కిలోలు ఎత్తి కంచు తెచ్చేదాకా, ఒలింపిక్ పతకం తెచ్చిన భారతస్త్రీ లేదు. ఆవిడ మన శ్రీకాకుళం జిల్లా పిల్ల. విశాఖపట్నంలో సెక్యూరిటీ గార్డు కూతురు జ్యోతి యర్రాజి 2024లో పారిస్ వెళ్ళి, ఒలింపిక్సులో వంద మీటర్ల హర్డిల్సు పరుగెత్తిన మొదటి భారతీయురాలైంది. అదే ఏడు పారాలింపిక్సులో నాలుగువందల మీటర్ల పరుగులో కంచు గెలిచిన దీప్తి జీవాంజి వరంగల్లు దగ్గర కల్లెడలో కూలివాళ్ళ బిడ్డ. చిన్నప్పుడు ఊళ్ళో ఆ పిల్లను వెక్కిరించేవారట. “మా అమ్మాయి నిక్కరు వేసుకుని పరుగెత్తితే పెళ్ళెలా అవుతుంది?” అని అడిగే తల్లికి చెప్పడానికి ఇన్ని పేర్లున్నాయి. వాడరేవులో నేను ఆ పేర్లే చెప్పాను. తల్లులు కొంత విన్నారు. తండ్రులు తలగోక్కున్నారు.

చివరకు చందా పదహారువేల మూడువందలు తేలింది. అందులో రెండువేలు మా బావగారివి. ఇస్తూ, బూట్ల రసీదు తనకు పంపాలని షరతు పెట్టారు. మాస్టారు చిన్నబుచ్చుకున్నారు గాని నాకు ఆ షరతు నచ్చింది. పదిమంది డబ్బు పుచ్చుకున్నవాళ్ళు రసీదు చూపించవలసిందే, ఊరి మాస్టారైనా దేశపు క్రీడాసంఘమైనా. రసీదు ఆయనకు వెళ్ళింది. తగ్గినది మాస్టారే వేసుకున్నారు.

పిల్ల శిబిరానికి వెళ్ళింది, పోటీలో పరుగెత్తింది, ఆరోది వచ్చింది. పతకం లేదు, పేపర్లో పేరు లేదు. చందా ఇచ్చిన వాళ్ళలో ఒకరిద్దరు నన్ను చూసి అదో రకంగా నవ్వారు కూడా. పిల్ల వెంట వచ్చింది ఒక రెండువందల పేజీల నోటుబుక్కు. శిబిరంలో ఏ రోజున ఏ కసరత్తు, ఎన్నిసార్లు, ఎంతసేపు విశ్రాంతి అన్నదంతా గుండ్రటి అక్షరాలతో రాసుకొచ్చింది. మొదటి రోజుల్లో తాను ఒక్కతే చేసుకునేది. తరువాత చెల్లెలు చేరింది. చెల్లెలి వెనక క్లాసు పిల్లలు చేరారు. మరుసటి వేసవికి తెల్లవారుజామున పదకొండుమంది ఆడపిల్లలు. అంతమంది ఒక్కసారి పరుగెత్తితే ఒకరినొకరు తోసుకుంటున్నారని మాస్టారు వరసలు వేయాలన్నారు. ఇసుకమీద సున్నం నిలవదు, అల కడిగేస్తుంది. ఒక పడవ సరంగు తన వల తాళ్ళు తెచ్చి మేకులు దిగ్గొట్టి పొడుగునా లాగి కట్టి ఇచ్చాడు. నాలుగు వరసలు, తీర్చినట్టు వచ్చాయి. పడవలు ఒడ్డున వుండడంచేత పనిలేని మగవాళ్ళు ముందు చూడ్డానికి వచ్చారు. తరువాత ఒకరిద్దరు పొద్దుపోక తామూ కాస్త దూరం పరుగెత్తి, డొక్కలు పట్టుకుని కూర్చున్నారు.

జూన్ రెండో వారంలో ఆ సరంగు మాస్టారి దగ్గరకు వచ్చి తలవంచుకు నిలబడ్డాడు. పదిహేనో తారీఖున వేటకు వెళ్ళాలి, తాళ్ళు విప్పుకుంటానన్నాడు. అతని కూతురు మూడో వరసలో పరుగెత్తుతోంది. మాస్టారు నావైపు చూశారు. నేను తాడు మీటరు ఎంతో కనుక్కురావడానికి చీరాల బస్సెక్కాను.